ఎక్కుడు నీ ఇష్టం, దిగుడు నా ఇష్టం

ఆ ఉదయం నేను తాటిచెట్టు మీద ఉన్నప్పుడు జేబులో ఫోను మోగింది. ఎత్తలేదు. చెట్టు మీద ఫోను ఎత్తనని నేను ఒకరికి మాటిచ్చి ఉన్నాను. అది ఆగి మళ్ళీ మోగింది, ఆగి మళ్ళీ మోగింది. నేను గీత గీసి, కల్లు పట్టే లొట్టి సర్ది, చెట్టుకూ నాకూ కలిపి చుట్టిన మోకుకు నడుము ఆనించి, ఎప్పటిలాగే నాలుగు లెక్కపెట్టుకుంటూ నిదానంగా దిగాను. కాళ్ళు నేల మీద పెట్టాక చూస్తే మూడుసార్లూ చేసింది జనగామ దవాఖాన అటెండరన్న. తిరిగి చేశాను.

"తమ్మీ, మన కసరత్తు మేడం ఇగ లేదు. తండాల ఉన్నదట. పొద్దుగాల ఛాతిల నొప్పన్నదట. మానుకోట దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పాణం పోయింది."

నేను మాటిచ్చింది ఆ మేడంకే. ఆ కబురు అంత ఎత్తు మీద నా చెవిన పడకుండా ఆపింది కూడా ఆమె పెట్టిన షరతే. చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుండిపోయాను. మోకాళ్ళు రెండూ పూర్తిగా మడిచి కూర్చున్నానని కాసేపటికి గమనించాను. అట్లా కూర్చోవడం నాకు ఆమె తిరిగి ఇచ్చిందే. అప్పుడు ఏడుపొచ్చింది.

నాది దేవరుప్పుల దగ్గర పల్లె. తాళ్ళు గీస్తాను, అంటే తాటిచెట్లకు కల్లు తీస్తాను. ఇంటర్ దాకా చదివిన పాపానికి మా గీత సంఘం మీటింగుల్లో తీర్మానాలు రాసే పని నా నెత్తిన పడింది. నాకున్న రాత అలవాటు అదొక్కటే. ఆమె పోయిన మర్నాడు కూడా ఒక తీర్మానం రాశాను. "సంతాపం తెలియజేయడమైనది" అని ఒక్క వాక్యం, దాని కింద అందరి సంతకాలు. రాసిన నాకే అది చూస్తే ఒళ్ళు మండింది. అంత మనిషికి అంతేనా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు గది తలుపు మీద బోర్డులో ఉండేది. ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. నర్సుల నుంచి ఊళ్ళ అవ్వల దాకా అందరికీ కసరత్తు మేడమే. సొంతూరు నర్సింహులపేట దగ్గర ఒక తండా. యాభై దాటిన మనిషి, పొట్టి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనంత. జనగామ దవాఖానలో వరండా చివరి ఫిజియోథెరపీ గది ఆమెది. మొదటిసారి ఆ గదిలోకి తొంగి చూసినప్పుడు పంచరు దుకాణమేమో అనుకున్నాను. గోడకు కొట్టిన మేకులకు సైకిల్ ట్యూబు ముక్కలు వేలాడుతున్నాయి. మూలన గోనెసంచి చుట్టిన ఇటుకలు. ఒక చెక్క బల్ల, ఒక స్టూలు. పోయిపోయి ఇక్కడికి తెచ్చిందా నా పెళ్ళాం అనుకున్నాను.

అక్కడికి చేరేసరికి నా మోకాలి నొప్పికి రెండేళ్ళు నిండాయి. కుడి మోకాలు, బయటి పక్క, కొంచెం వెనక్కి. విచిత్రమేమంటే చెట్టు ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు. దిగేటప్పుడు, సగానికి వచ్చేసరికి, లోపల ఎవరో కత్తి పెట్టి గీస్తున్నట్టు ఉంటుంది. చదును నేల మీద దొరలాగ నడుస్తాను, చెరువు కట్ట దిగమంటే మొహం మాడిపోతుంది. బస్సు ఎక్కినప్పుడు నన్ను చూసిన కండక్టరు, దిగేటప్పుడు నన్ను చూసి వేరే మనిషి అనుకునేవాడు.

ఇక్కడ ఒక మాట సంగతి చెప్పాలి. మా ఇళ్ళల్లో ఒంట్లో తాడులాగ తగిలేది ఏదైనా నరమే. చేతి మీద నీలంగా కనిపించేదీ నరమే. మడమ వెనక గట్టిగా ఉండేదీ నరమే. మెడ పట్టేసినా నరం పట్టిందనే అంటాం. కాబట్టి నేను వెళ్ళిన ప్రతి డాక్టరు దగ్గరా ఒకటే పాట పాడాను: "సార్, మోకాలి పక్క నరం గుంజుతాంది."

మొదటి డాక్టరు నరం అనగానే నా మోకాలిని వదిలి నడుము పట్టుకున్నాడు. వెన్నులో నరం ఒత్తుకుందేమోనని నడుముకు స్కాను తీయించి, నరాల మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే పట్టపగలు తూగు వచ్చేది. తాటిచెట్టు మీద కునికిపాట్లు పడే మనిషిని మీరెప్పుడైనా చూశారా? మా తాటివనంలో వాళ్ళు చూశారు. రెండో డాక్టరు మోకాలికి స్కాను తీయించి, గుజ్జు కొంచెం అరిగిందని సూది ఇచ్చాడు. పది రోజులు హాయిగా ఉండి మళ్ళీ మొదటికొచ్చింది. మూడో ఆయన నన్ను సరిగ్గా చూడకుండానే బరువు తగ్గమన్నాడు. తూకం వేస్తే లొట్టితో సహా నేను ఎంతుంటానని! ఆ రోజు ఆ గదిలోంచి తలుపు విసిరికొట్టి బయటికొచ్చాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు వాళ్ళను ఏమీ అనను. నేను నరం అన్నాను, వాళ్ళు నరం విన్నారు. నా నరం వేరు, వాళ్ళ నరం వేరు.

ఈలోపు చెట్ల సంగతి ముదిరింది. తాడు రోజూ గీస్తేనే పారుతుంది. గీయలేని వాడి చెట్లను సంఘం వేరేవాళ్ళకు పంచుతుంది, అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, న్యాయమైన పద్ధతే. నావి మా బాపు గీసిన చెట్లు. ఏ చెట్టుకు ఎక్కడ వంకర ఉందో, ఏది గాలికి ఎటు ఊగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. తోటివాళ్ళు నా బదులు ఎక్కి కొన్నాళ్ళు లాక్కొచ్చారు. ఎన్నాళ్ళని ఎక్కుతారు? చలికాలంలో పోతుతాళ్ళు, అంటే మగ తాటిచెట్లు, పారేనాటికి నేను నా కాళ్ళతో ఎక్కి దిగాలి, లేకపోతే చెట్లు పంచాలి అని సంఘంలో మాట అయింది. ఆ తీర్మానం కూడా నేనే రాశాను. నా చెట్లు పోయే కాగితం నా అక్షరాల్లోనే ఉంది.

భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో ఉండే మా బావమరిది, ఒక గేటు దగ్గర కూర్చునే పని చూస్తానన్నాడు. "కుర్చీ గూడ ఇస్తరు బావా" అని ఫోనులో సంబరపడ్డాడు. నేను సరే అనబోతుంటే మా ఆవిడ ఫోను లాక్కుంది.

"కుర్చీల కూసుంటడా గీయన? ఆ గేటు ఒక్క దినం ఆగదు ఈయన కోపానికి" అని తమ్ముడికి చెప్పి పెట్టేసింది. తర్వాత నావైపు తిరిగింది. "నా భుజం పట్టేసినప్పుడు బాగు చేసిన మేడం ఉన్నది. రేపు పోదాం. పోకపోతే అన్నం పెట్ట."

మర్నాడు పోయాం. స్టూలు మీద కూర్చున్న మేడం తల ఎత్తి చూసింది.

"ఏంది తమ్మీ?"

"మోకాలి పక్క నరం గుంజుతాంది మేడం."

"నరమంటే?"

రెండేళ్ళ కోపం ఒక్కసారి నోట్లోకి వచ్చింది. "నరమంటే నరమే మేడం. తెలుగుల ఇంకేమంటరు?"

ఆమెకు కోపం రాలేదు. "ఏమో తమ్మీ. మా ఇంట్ల తెలుగు లేదు, మాది తండా భాష. నేను తెలుగు బడిల నేర్చుకున్న. బడిల నేర్చుకున్నోళ్ళకు ప్రతి మాట మీద అనుమానమే. మీరు నరమంటే నాకు మూడు దిక్కులు కనబడ్తయి. నెత్తురు పోయే గొట్టమా, తిమ్మిరెక్కే తీగనా, కండను ఎముకకు కట్టే తాడా? ఏ దిక్కో నువ్వే చెప్పాలె."

"ఎట్ల చెప్పాలె?"

"నోటితోని వద్దు. ఒక్క వేలుతోని చూపియ్యి."

నేను అరచేయి మోకాలి మీద వేశాను. "చెయ్యి కాదు. చేతికింద ఊరంత ఉంటది. ఒక్క వేలు" అంది. వేలు పెట్టాను. "ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" అంది. రెండేళ్ళలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. దిగేటప్పుడు అన్నాను. అప్పటిదాకా ఏదో రాస్తున్న పెన్నుకు మూత పెట్టి, స్టూలు నా దగ్గరికి జరుపుకుంది.

కుడి మడమను ఎడమ మోకాలి మీద పెట్టుకోమంది. మోకాలి బయటి పక్క ఒక తాడు బిగిసి చేతికి దొరికింది. "గిదే కద నువ్వు నరమనేది?" అని దాని మీద నొక్కింది. నొప్పి లేదు. నేనే ఆశ్చర్యపోయాను. ఆమె వేలు ఆ తాడు కిందుగా, కొంచెం ముందుకు జరిగింది. నొక్కింది. నేను బల్ల మీదినుంచి ఎగిరిన ఎగురుకు పక్క గదిలోని ఎక్స్‌రే మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"దొరికిండు దొంగ" అంది మేడం ఆయనతో, నా మోకాలి మీంచి వేలు తీయకుండానే.

తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచి, మడమ పట్టుకుని, పాదాన్ని లోపలికి తిప్పమంది. తాను ఆపుతూ ఉంది. మళ్ళీ అదే చోట, అదే కత్తి. ఆమె మొహం వెలిగిపోయింది. నా నొప్పికి ఒక మనిషి అంత సంతోషపడటం అదే మొదటిసారి, దానికి నాకు కోపం రాకపోవడం కూడా అదే మొదటిసారి.

"విను తమ్మీ. నీ చేతికి దొరికే తాడు మంచిగనే ఉన్నది. దాని కిందికెళ్ళి ఇంకో తాడు పోతది, చిన్నది. మోకాలు నిటారుగ నిలబడితే లోపల గొళ్ళెం పడ్డట్టయితది. వంచాలంటే గొళ్ళెం తీయాలె. తీసేది మోకాలెనక ఉండే చిన్న కండ, దాని కొసకుండే తాడు గిది. దిగేటప్పుడు తొడెముక ముందటికి జారకుండ పట్టేది గూడ గదే. అది వాసినట్టున్నది. చానా తక్కువమందికి వస్తది. నా సర్వీసుల ఒక్కన్నే చూసిన, భూపాలపల్లి దిక్కు గుట్టలు దిగుకుంట కట్టెలు మోసేటాయన. నీది గూడ గదేనని అనుమానం. అనుమానమే, పక్కా అని చెప్ప."

ఇంగ్లీషులో దాన్ని పాప్లిటియస్ అంటారట. ఇంటికి వచ్చేదాకా మా ఆవిడ నోట్లో ఆ పేరు నలిగి నలిగి పాపయ్య అయింది. ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరూ నన్ను మోకాలెట్లుందని అడగలేదు. "పాపయ్య మంచిగున్నడా?" అనే అడిగారు.

పక్కా చేసుకోవడానికి మేడం నన్ను హనుమకొండ పంపింది. పాత స్కానులో ఏమీ దొరకలేదు కదా అంటే, "వాళ్ళకు ఏడ చూడాలెనో నువ్వు చెప్పలే, నువ్వు చెప్పింది వాళ్ళకు వేరే తీర్గ వినబడ్డది" అంది. చీటీ మీద పెన్నుతో మోకాలి బొమ్మ గీసి, ఒక చుక్క పెట్టి, ఇక్కడే చూడండి సార్ అని రాసింది. గర్భిణులకు తీసే మిషనుతోనే ఆ డాక్టరు నా మోకాలి పక్క చాలాసేపు వెతికాడు. చివరికి తెరను నావైపు తిప్పి, ఆ తాడు వాచి ఉండటం, చుట్టూ నీరు చేరి ఉండటం చూపించాడు. "ఈ చుక్క పెట్టకపోతే నేను కూడా దాటిపోయేవాణ్ణి. ఎవరు పెట్టారు?" అని అడిగాడు. మా కసరత్తు మేడం అని ఎంత గర్వంగా చెప్పానో! అప్పటికి ఆమెతో నా పరిచయం ఒక్క పూటే.

జబ్బు దొరికింది, ఎందుకొచ్చిందో దొరకలేదు. "తాళ్ళు అందరు ఎక్కుతరు. పాపయ్య నీకే ఎందుకొచ్చిండు?" అని ఆమె మథనపడింది. ఆ ఆదివారం బస్సెక్కి మా వనానికి వచ్చింది. "నొప్పి చెట్టు మీద పుడ్తది. చెట్టు నా గదికి రాదు కద" అంది.

రెండు నిలువుల ఎత్తు ఎక్కి దిగమంది. అందరూ మా చేతులు, మోకు చూస్తారు. ఆమె నేల మీద గొంతుక్కూర్చుని నా పాదాలే చూసింది. దిగాక, కాళ్ళకు తగిలించుకున్న తాడు వలయం చూపించి ఏందిది అని అడిగింది. గుజి అంటారని, రెండు పాదాలూ చెట్టును కలిసి పట్టడానికని చెప్పాను. మిగతావాళ్ళ గుజులు తెప్పించి నా దాని పక్కన పెట్టింది. నాది నాలుగు వేళ్ళు పొట్టి.

"ఎందుకు గింత పొట్టిగ కట్టినవు?"

నిజం చెప్పక తప్పలేదు. నొప్పి మొదలవడానికి ముందు వానాకాలంలో తడి చెట్టు మీద కాలు జారి, మోకు ఆపబట్టి బతికాను. ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రమే గుజి విప్పి బిగువుగా, పొట్టిగా కట్టుకున్నాను. పట్టు బాగుందనిపించింది. ఆ పొట్టి గుజితో పాదాలు మెలిపడి, దిగే ప్రతి అడుగుకూ పిక్క ఒకవైపు, తొడ ఒకవైపు తిరుగుతున్నాయని ఆమె నా కాలు పట్టుకుని చూపించింది.

"భయాన్ని తీస్కపోయి గుజికి కట్టినవు తమ్మీ. గది పోయి మోకాలికి పట్టింది" అంది. మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. జారిన సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది. అక్కడే, ఆ చెట్టు కిందే మేడం నా చేత ఒట్టు పెట్టించుకుంది. చెట్టు మీద ఫోను ఎత్తొద్దు. గుజి పొడవుగా కట్టాలి. దిగేటప్పుడు దూకుడు పనికిరాదు. "ఎక్కుడు నీ ఇష్టం, దిగుడు నా ఇష్టం. ఒప్పుకుంటవా?" ఒప్పుకున్నాను.

వైద్యం అంటే ఏదో అనుకున్నాను. ఇటుకలే వైద్యం. ఒక ఇటుక మీద కుడి కాలితో నిలబడి, ఎడమ మడమ నేలకు తగిలేదాకా నిదానంగా దిగాలి. అంతే. అది కుదిరితే రెండు ఇటుకలు, తర్వాత మూడు. బల్ల కోడుకు సైకిల్ ట్యూబు కట్టి, దాన్ని పాదంతో లోపలికి లాగడం ఒకటి. ఆరు వారాలు చెట్టు ముట్టొద్దంది. నేను ఇటుక మీద నిలబడితే ఆమె లెక్కపెట్టేది: "ఏక్... దీ... తీన్... చార్." చార్ అన్నప్పుడే మడమ నేలకు తగలాలి. ముందే తగిలితే ఆ దిగుడు కొట్టివేత.

"తెలుగుల లెక్కపెట్టరాదు మేడం?" అన్నాను ఒకసారి.

"మాట తెలుగుల వస్తది తమ్మీ. లెక్క మాత్రం మా యాడి నేర్పిన భాషలనే వస్తది. ఆమె నన్ను ఒళ్ళె కూసోబెట్టుకొని నా వేళ్ళు పట్టుకొని నేర్పింది." యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"మరి అయిదు ఎప్పుడు?"

"నాలుగు సక్కగ దిగు. మోకాలికి ఇంకా బలమొస్తే అయిదు నేనే చెప్త."

మూడో వారం నొప్పి బాగా తగ్గింది. నాకు కొమ్ములొచ్చాయి. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్ళి ఒక చెట్టు ఎక్కి, చకచకా దిగాను. మర్నాడు ఇటుక మీద నిలబడి రెండో లెక్కకే ఒణికిపోయాను. మేడం లెక్క ఆపేసింది.

"చెట్టెక్కినవు."

నేను ఇటుక దిగి మోకాలు పట్టుకున్నాను.

"చెల్పూర్ల కుర్చీ ఉన్నదన్నవు కద. పో, పోయి కూసో. ఈ ఇటుకలు ఇంకొకరికి పనికొస్తయి."

ఎంత అవమానం! చెప్పులేసుకుని బయటపడ్డాను. ఒక ఆడమనిషి నన్ను పొమ్మంటుందా, ఇక ఈ గడప తొక్కితే ఒట్టు అనుకుంటూ బస్‌స్టాండు దాకా పోయాను. మా ఊరి బస్సు కళ్ళ ముందే ఉంది. ఎక్కడానికి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టినప్పుడు, ఊళ్ళో దిగేటప్పటి సంగతి గుర్తొచ్చింది. అక్కడినుంచి ఆ నొప్పితో ఎటు పోయినా చివరికి కుర్చీయే కదా అనిపించింది. సిగ్గు దిగమింగి వెనక్కి వచ్చాను. గదిలో మేడం ఒక అవ్వకు భుజం ఆడిస్తోంది. నా ఇటుకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తీయనే లేదు. నేను ఎక్కి నిలబడ్డాను. అటు తిరిగే, అవ్వ చెయ్యి వదలకుండానే, "ఏక్..." అంది.

పోతుతాళ్ళు పారే రోజులొచ్చాయి. ఒక చలి ఉదయం సంఘం వాళ్ళంతా మా మండువ దగ్గర, కల్లు పోసే చోట, గుమిగూడారు. మేడం సెలవు పెట్టి వచ్చింది. మా ఆవిడ దండం పెట్టుకుంటూ ఒక మూలన నిలబడింది. నేను కొత్త గుజి, నాలుగు వేళ్ళు పొడవైనది, కాళ్ళకు వేసుకుని మా బాపు చెట్టుకే మోకు వేశాను.

ఎక్కడం ఎప్పుడూ కష్టం కాదని చెప్పాను కదా. పైకి పోయి, గీసి, లొట్టి నడుముకు తగిలించి కిందికి చూశాను. తలలన్నీ పైకే ఉన్నాయి. ఒక్క మేడం తల మాత్రం చెట్టు మొదట్లోకి, నా పాదాలు దిగవలసిన దారివైపు ఉంది. ఏక్ అనుకుని మొదలుపెట్టాను. దీ. తీన్. చార్. మళ్ళీ ఏక్. సగం చెట్టుకు వచ్చాను. రెండేళ్ళుగా కత్తి కాచుకుని కూర్చున్న చోటు అది. ఆగి, పాదం చూసుకుని, దిగాను. ఏమీ లేదు. ఇంకొకటి దిగాను. ఏమీ లేదు! కింద ఎవడు మొదలుపెట్టాడో గానీ మా వాళ్ళంతా గొంతు కలిపి ఏక్, దీ, తీన్, చార్ అని అరుస్తున్నారు. తండా లెక్కకు గౌడుల కేకలు. నేల తగలగానే గుజి విప్పి, అందరి ముందు పూర్తిగా గొంతుక్కూర్చుని లేచాను. ఇంకోసారి కూర్చుని లేచాను. ఈలలు, చప్పట్లు. మా ఆవిడ ఏడుస్తూ నవ్వుతూ నన్ను తిడుతోంది, ఎందుకు తిడుతుందో ఆమెకే తెలియదు. చెట్లు నావి నాకే ఉంటాయని అక్కడికక్కడే తీర్మానం రాశాను. అంత అందంగా నేను ఎన్నడూ రాయలేదు.

మేడం తాటాకు రేక దోసిట్లో పట్టుకుని చెట్టు కింద కూర్చుంది. "పొయ్యి తమ్మీ, ఇయ్యాల నా ఫీజు" అంది. దింపిన లొట్టిలోంచి వంచాను. తాగి, మూతి తుడుచుకుని, "దిగుడు ఫస్టున్నది. కల్లు జర పులిసింది" అంది. అప్పుడే దించిన కల్లు పులిసేదెట్లా? నన్ను అంత సంతోషంగా ఉండనిస్తే నెత్తికెక్కుతానని ఆమెకు తెలుసు.

ఆ తర్వాత మా వనంలో ప్రతివాడి గుజీ కొలిచాం. ఇంకో ఇద్దరివి పొట్టిగా దొరికాయి. వాళ్ళూ ఎప్పుడో జారినవాళ్ళే, ఎవరికీ చెప్పనివాళ్ళే. ఇప్పుడు జారితే దాచుకోకుండా చెప్పుకుంటున్నాం. దవాఖానలో కూడా కొత్తగా వచ్చే డాక్టర్లను మేడం వదిలిపెట్టేది కాదు. "నరం అన్నరనుకో సార్, జర ఆగి ఏ నరమో అడుగుండ్రి" అని వరండాలో నిలబెట్టి మరీ చెప్పేది. వాళ్ళు నవ్వేవాళ్ళు, తర్వాత అడిగేవాళ్ళు. మోకాలు పట్టుకుని వచ్చే ప్రతివాడికీ పాపయ్యే ఉండడని, చాలామందికి నిజంగానే గుజ్జు అరిగి ఉంటుందని నాలాంటి అత్యుత్సాహపరులకు కూడా చెప్పాల్సి వచ్చేది. నేను ఊళ్ళో ముగ్గుర్ని పాపయ్య అని నిర్ధారించి పంపితే ముగ్గుర్నీ తిప్పి పంపింది.

నెలకోసారి వెళ్ళి కలిసేవాణ్ణి. ఇటుక మీద ఒకసారి దించి చూసేది. ప్రతిసారీ అయిదు అడుగుదామనుకునేవాణ్ణి. గది నిండా జనం ఉండేవారు. వచ్చే నెల అడుగుదాంలే అనుకుని వచ్చేసేవాణ్ణి.

ఆమె పోయిన రోజు మా వనంలో గీసేవాళ్ళం పదకొండు మందిమి ట్రాలీ ఆటోలో నర్సింహులపేట దాటి వాళ్ళ తండాకు పోయాం. మేం చేరేసరికి అంతా అయిపోయింది. ఇంటి ముందు పంచలో వాళ్ళ యాడి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చాలా ముసలామె, చేతుల నిండా తెల్లగాజులు, కళ్ళు సరిగా ఆనవు. వరుసగా నిలబడ్డ మమ్మల్ని చూసి వాళ్ళ భాషలో ఏదో అడిగింది. పక్కన కూర్చున్న మనుమరాలు తెలుగులో చెప్పింది.

"మీరు ఎవరు, నా బిడ్డకు మీరు ఏమైతరు అని అడుగుతాంది."

ఏమవుతాం? రోగులం అందామా? జనగామ వాళ్ళం అందామా? తీర్మానాలు రాసే నాకు ఒక్క మాట దొరకలేదు. దొరికినా ఆ తల్లికి తెలుగు రాదు.

నేను ముందుకు జరిగి ఆమె ఎదురుగా నిలబడ్డాను. చేతులు ముందుకు చాపి, "ఏక్" అన్నాను. మోకాళ్ళు వంచడం మొదలుపెట్టాను. ఆ ముసలి మొహం ఠక్కున నావైపు తిరిగింది. "దీ." పంచలో ఏడుపులు ఆగాయి. "తీన్." వెనక మా వాళ్ళు కూడా గొంతు కలిపారు. "చార్." గొంతుక్కూర్చున్నాను. మా ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తుకు వచ్చాయి. అక్కడ ఆగిపోయాను. నాకు మేడం చెప్పింది అంతవరకే.

యాడి చెయ్యి చాపి తడుముకుంటూ నా కుడి మోకాలు పట్టుకుంది. తర్వాత చెయ్యి తీసి, ఒక్క వేలు మాత్రం దాని మీద ఉంచింది.

"పాంచ్" అంది.

ఆ అయిదో లెక్క పూర్తయ్యేదాకా నేను అట్లాగే ఉన్నాను. తర్వాత లేచాను. చెయ్యి ఎక్కడా ఆనించలేదు.